చిప్ వోల్టేజ్‌ను దిగనివ్వనిది మెమరీయే

డిజిటల్ సర్క్యూట్‌కి ఇచ్చే వోల్టేజ్‌ని సగం చేస్తే, ఒక్కో స్విచ్చింగ్‌కి ఖర్చయ్యే శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. చెవి మిషన్ నుంచి డేటా సెంటర్ దాకా అందరికీ కావాల్సిన ఆదా ఇది. అయినా 2005 ప్రాంతానికి ప్రాసెసర్ల వోల్టేజ్ ఒక వోల్టు దగ్గరికొచ్చి ఆగింది. ఆ తర్వాత దిగింది చాలా తక్కువ. దీనికి కారణాలు కొన్ని ఉన్నాయి, వాటిలో అన్నిటికన్నా మొండిది మెమరీ. వోల్టేజ్ తగ్గితే లెక్కలు చేసే గేట్లు ముందు నెమ్మదిస్తాయి. డేటా దాచే సెల్ అలా కాదు, దాచిందే పోగొట్టుకుంటుంది.

సిద్ధాంతం చాలా ముందే వచ్చింది. నేటి చిప్‌లలో వాడే సీమాస్ పద్ధతిలో కట్టిన ఇన్వర్టర్ (0ని 1గా, 1ని 0గా మార్చే సర్క్యూట్) గది ఉష్ణోగ్రతలో సుమారు 0.2 వోల్టు దగ్గర కూడా 0నీ 1నీ వేరు చేయగలదని రిచర్డ్ స్వాన్సన్, జేమ్స్ మైండ్ల్ 1972లోనే లెక్కగట్టారు. అప్పటికి లాజిక్ చిప్‌లకు 5 వోల్టులు మామూలు. అంత తక్కువ వోల్టేజ్ గురించి పట్టించుకున్నవాళ్లలో ముఖ్యులు బటన్ సెల్‌తో నడిచే గడియారాల ఇంజనీర్లు. 1974లో ఐబీఎంకు చెందిన రాబర్ట్ డెనార్డ్ బృందం ఒక సూత్రం ఇచ్చింది. ట్రాన్సిస్టర్ కొలతలు ఎంత తగ్గిస్తే వోల్టేజ్ కూడా అంతే తగ్గించాలని, అప్పుడు చిప్ వేడెక్కదని దాని సారాంశం. పరిశ్రమ మాత్రం చాలా ఏళ్లు 5 వోల్టుల దగ్గరే ఉండిపోయింది. 1990ల్లో 3.3కి వచ్చింది, అక్కణ్నుంచి ఒక వోల్టు వైపు వేగంగా దిగింది.

అక్కడ లీకేజ్, అంటే ట్రాన్సిస్టర్ ఆఫ్‌లో ఉన్నా కారే కరెంట్, అడ్డుపడింది. గది ఉష్ణోగ్రతలో మామూలు ట్రాన్సిస్టర్ కరెంట్‌ని పదో వంతుకు తగ్గించాలంటే గేట్ (ట్రాన్సిస్టర్‌ని ఆన్, ఆఫ్ చేసే భాగం) వోల్టేజ్ కనీసం 60 మిల్లీవోల్టులు తగ్గాలి. ఇది భౌతికశాస్త్రం పెట్టిన హద్దు, ఫ్యాక్టరీలో ఎంత నైపుణ్యం ఉన్నా మారదు. అందుకే థ్రెషోల్డ్ వోల్టేజ్‌ని (ట్రాన్సిస్టర్ ఆన్ అయ్యే వోల్టేజ్‌ని) తగ్గిస్తూ పోతే, ఆఫ్‌లో ఉన్న ట్రాన్సిస్టర్లే బ్యాటరీని తాగేస్తాయి.

ఇప్పుడు సెల్ సంగతికి వద్దాం. ప్రాసెసర్‌లోనే ఉండే వేగమైన చిన్న మెమరీని క్యాష్ అంటారు. అందులో ఎక్కువగా వాడే 6టీ ఎస్‌రామ్ సెల్‌లో (ఒక బిట్‌ని దాచే సర్క్యూట్‌లో) ఆరు ట్రాన్సిస్టర్లుంటాయి. ఒకదానికొకటి ఎదురుగా కట్టిన రెండు ఇన్వర్టర్లు విలువను పట్టుకుంటాయి, మిగిలిన రెండు ట్రాన్సిస్టర్లు తలుపులు. చదివేటప్పుడు తలుపు తెరిస్తే, బిట్‌లైన్‌లో (సెల్‌కి డేటా తెచ్చి తీసుకెళ్లే తీగలో) ఉన్న ఛార్జ్ లోపలి 0ని పైకి లాగుతుంది. 0 నిలవాలంటే కిందికి లాగే ట్రాన్సిస్టర్ తలుపుకన్నా బలంగా ఉండాలి. రాసేటప్పుడు మళ్లీ తలుపుదే పైచేయి కావాలి, లేకపోతే పాత విలువ కదలదు. అంటే ఒకే తలుపు ఒకసారి బలహీనంగానూ మరోసారి బలంగానూ ఉండాలి. వోల్టేజ్ ఎక్కువగా ఉన్నప్పుడు సైజులు సరిచూసుకుంటే ఈ తాడులాట నడిచిపోతుంది, తగ్గేకొద్దీ రెండు వైపులా మార్జిన్ కరుగుతుంది. ఆ మార్జిన్‌ని కొలిచే పద్ధతిని సీవింక్, లిస్ట్, లోస్ట్రో 1987లో చక్కగా సూత్రీకరించారు. మన కాలేజీల వీఎల్‌ఎస్‌ఐ (చిప్ డిజైన్) క్లాసుల్లో 6టీ బొమ్మ అందరూ గీస్తారు. ఆ ఆరింటి సైజులు అలాగే ఎందుకుండాలో కూడా అడిగితే ఎంతో మేలు.

అసలు దెబ్బ వేరియేషన్‌ది. పక్కపక్కనే ఒకేలా గీసిన రెండు ట్రాన్సిస్టర్లు కూడా ఒకేలా రావు. వాటి తేడా వైశాల్యపు వర్గమూలానికి విలోమంగా ఉంటుందని 1989లో ఫిలిప్స్‌కు చెందిన మార్సెల్ పెల్‌గ్రోమ్, సహచరులు చూపించారు. చిన్నవి చేసేకొద్దీ తేడా పెరుగుతుందన్నమాట. చిప్‌లో అన్నిటికన్నా చిన్న ట్రాన్సిస్టర్లు ఉండేది మెమరీలోనే. ఒక మెగాబైట్ క్యాష్‌లో దాదాపు 84 లక్షల సెల్స్ ఉంటాయి. పది లక్షల్లో ఒకటి తేడా చేసినా ఎనిమిది సెల్స్ పోయినట్టే. సగటు సెల్ 0.4 వోల్టులో బాగా పనిచేసినా లాభం లేదు. కనీస వోల్టేజ్‌ని తేల్చేది అన్నిటికన్నా బలహీనమైన సెల్.

2004లో ఎంఐటీకి చెందిన ఆలిస్ వాంగ్, చెన్నైలో పుట్టిన అనంత చంద్రకాసన్ 180 మిల్లీవోల్టులకే పనిచేసే ఎఫ్ఎఫ్‌టీ ప్రాసెసర్‌ని (సిగ్నల్‌లోని ఫ్రీక్వెన్సీలను విడదీసి లెక్కగట్టే చిప్‌ని) చూపించారు. ఆ వోల్టేజ్‌లో దాని క్లాక్ 164 హెర్ట్జ్ మాత్రమే. శక్తి అతి తక్కువగా ఖర్చయింది మాత్రం 350 మిల్లీవోల్టుల దగ్గర. ఇంకా దిగితే పని సాగదీసినంత సేపూ లీకేజ్ కారుతూనే ఉంటుంది కదా. ఇందులో మెమరీకి మామూలు 6టీ సెల్ వాడలేదన్నది నా దృష్టిలో చాలా ముఖ్యమైన విషయం.

ఆ తర్వాత దారి తెరుచుకుంది. 2005లో ఐబీఎం పరిశోధకులు ఎనిమిది ట్రాన్సిస్టర్ల 8టీ సెల్‌ని ముందుకు తెచ్చారు. చదవడానికి విడిగా రెండు ట్రాన్సిస్టర్లు పెట్టడంతో, చదువుతున్నప్పుడు దాచిన విలువ జోలికి ఎవరూ వెళ్లరు. 2006లో ఎంఐటీ నుంచే 400 మిల్లీవోల్టుల లోపు నడిచే 10టీ మెమరీ, 2007లో అమెరికాలోని పర్డ్యూ యూనివర్సిటీ నుంచి 160 మిల్లీవోల్టుల దాకా దిగిన ష్మిట్ ట్రిగ్గర్ సెల్ (విలువ సులభంగా తిరగబడని ఇన్వర్టర్లతో కట్టినది) వచ్చాయి. 2008లో ఇంటెల్ తన నెహాలెమ్ ప్రాసెసర్లలో కోర్ (లెక్కలు చేసే భాగం) దగ్గరి క్యాష్‌లకు 8టీని వాడి, పెద్దదైన మూడో స్థాయి క్యాష్‌కి 6టీనే ఉంచింది. ఎక్కడ చోటు ఖర్చుపెట్టవచ్చో, ఎక్కడ పెట్టకూడదో చెప్పిన నిర్ణయం అది.

మిగతా చిప్‌లు వేరే దారులు పట్టాయి. మెమరీకి విడిగా కాస్త ఎక్కువ వోల్టేజ్ ఇవ్వడం ఒకటి. రాసేటప్పుడు బిట్‌లైన్‌ని క్షణంపాటు సున్నాకన్నా కిందికి దించడం మరొకటి. తక్కువ వోల్టేజ్‌లో సెల్ దగ్గర ఛార్జ్ తక్కువ కాబట్టి ఆల్ఫా కణాల తాకిడికి బిట్ తిరగబడే ప్రమాదమూ పెరుగుతుంది, దానికి తప్పిన బిట్‌ని పట్టి సరిచేసే ఎర్రర్ కరెక్షన్ కోడ్‌లు కాపలా.

ఇన్ని చేసినా ఇప్పుడు చోటే ఇరుకైంది. తైవాన్ చిప్ తయారీ సంస్థ టీఎస్ఎంసీ 5 నానోమీటర్ తరంలో 6టీ సెల్ వైశాల్యం 0.021 చదరపు మైక్రోమీటర్లు, 3 నానోమీటర్ తరానికి చెందిన ఎన్3ఈలోనూ అంతే. లాజిక్ చిన్నదైంది, సెల్ కాలేదు. దానికి మరో రెండు ట్రాన్సిస్టర్లు కలపాలంటే డిజైనర్ ఇదివరకటికన్నా ఎక్కువ ధర చెల్లించాలి.