లీగ్ నుంచి యూఎస్ ఓపెన్ దాకా: పది పిన్నుల బౌలింగ్‌పై అపోహలు - వాస్తవాలు

ఇది క్రికెట్ బౌలింగ్ గురించి కాదు, అరవై అడుగుల దూరంలో త్రికోణాకారంలో నిలబెట్టిన పది పిన్నులను బంతి దొర్లించి పడగొట్టే ఆట గురించి. అమెరికాలో ఒక ప్రో షాపు (బౌలింగ్ సామగ్రి దుకాణం)లో ఆటగాళ్ల చేతి కొలతలు తీసుకుని బంతులకు రంధ్రాలు వేయడం నా వృత్తి, వారానికి ఒక సాయంత్రం లీగ్ ఆడడం నా అలవాటు. మేజర్ టోర్నమెంట్‌లో (ఈ ఆటలోని అగ్రశ్రేణి పోటీలలో ఒకదానిలో) ఒక్కసారైనా ఆడాలనుకునే ఔత్సాహికుల నుంచి నేను తరచుగా వినే కొన్ని నమ్మకాలను ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: మేజర్ టోర్నమెంట్లు ప్రొఫెషనల్ ఆటగాళ్లకు మాత్రమే.

వాస్తవం: కొన్నింటి విషయంలో ఇది నిజమే. పేరులోనే ఉన్నట్టు టోర్నమెంట్ ఆఫ్ ఛాంపియన్స్‌లో చోటు దక్కాలంటే సాధారణంగా అంతకుముందు టైటిల్ గెలిచి ఉండాలి. అయితే యూఎస్ ఓపెన్, యూఎస్‌బీసీ మాస్టర్స్ (యూఎస్‌బీసీ అంటే అమెరికాలో ఈ ఆట పాలక సంఘం) అలాంటివి కావు. ప్రొఫెషనల్ సంఘమైన పీబీఏలో సభ్యత్వం లేని ఔత్సాహికులు కూడా వాటిలో ఆడవచ్చు. యూఎస్ ఓపెన్‌లో నేరుగా చోటు లేనివారి కోసం అసలు పోటీకి ముందు ఒక అర్హత పోటీ జరుపుతారు. 2008 చివరలో కార్ల కర్మాగారంలో ఉద్యోగం కోల్పోయిన టామ్ స్మాల్‌వుడ్ 2009లో టూర్ ట్రయల్స్ అనే అర్హత పోటీ ద్వారా పీబీఏ టూర్‌లో చోటు సంపాదించి, ఆ డిసెంబరులోనే వరల్డ్ ఛాంపియన్‌షిప్ గెలుచుకున్నాడు. ఈ కథ చెప్పేవారు సాధారణంగా ఒక సంగతి వదిలేస్తారు: అతను అప్పటికే ఏళ్ల తరబడి కఠినమైన పోటీలలో ఆడి రాటుదేలినవాడు.

అపోహ: లీగ్‌లో గేమ్‌కు సగటు 220 (గరిష్ఠం 300) ఉంటే మేజర్‌లోనూ నెగ్గుకురావచ్చు.

వాస్తవం: నేను చూసిన ఆశాభంగాలలో ఎక్కువ భాగం ఈ నమ్మకం నుంచే పుట్టాయి. లేన్ (బంతి దొర్లే బాట) మీద కంటికి కనిపించకుండా నూనె పూత ఉంటుంది. ఆ నూనెను ఎక్కడ ఎంత పరిచారన్నదే స్కోరును చాలావరకు నిర్ణయిస్తుంది. లీగులలోనూ, హైదరాబాదు మాల్స్‌లోని వంటి వినోద కేంద్రాలలోనూ సాధారణంగా వాడే నూనె అమరికైన హౌస్ ప్యాటర్న్‌లో నూనె లేన్ మధ్యలో దట్టంగా, అంచుల వైపు పలచగా ఉంటుంది. కుడిచేతి ఆటగాడు గురి తప్పి బంతిని కాస్త బయటికి వేస్తే అక్కడి పొడిదనం దానిని తిరిగి లోపలికి మళ్లిస్తుంది. లోపలికి వేస్తే మధ్యనున్న నూనె మీద బంతి జారుతూ, తొందరపడి మలుపు తిరగకుండా నిలుస్తుంది. అంటే రెండు వైపులా తప్పును లేనే సరిదిద్దుతుంది, ఆటగాడేమో ఆ ఘనత తన చేతిదే అనుకుంటాడు.

స్పోర్ట్ ప్యాటర్న్‌గా (కఠిన పోటీలకు వాడే నూనె అమరికగా) గుర్తింపు పొందాలంటే మధ్యనున్న నూనె అంచులలోని నూనెకు మూడింతలు మించకూడదు. యూఎస్ ఓపెన్ ప్యాటర్న్‌లు అంతకంటే సమతలంగా ఉండడానికి పేరుపొందాయి. అక్కడ బయటికి తప్పిన బంతి బయటే ఉండిపోతుంది, లోపలికి తప్పినది ముందు పిన్నును నేరుగా ఢీకొని స్ప్లిట్‌ను (దూరదూరంగా విడిపోయిన పిన్నులను) మిగులుస్తుంది. పైగా ప్రతి బంతీ కొంత నూనెను ఎత్తుకుపోతుంది కనుక ఉదయం కనిపెట్టిన దారి మధ్యాహ్నానికి పనికిరాకపోవచ్చు. గేమ్ గేమ్‌కూ ఆటగాళ్లు వేరే లేన్ల జతకు మారుతుంటారు కాబట్టి, ముందు అక్కడ ఆడినవారు లేన్‌ను ఏ స్థితిలో వదిలివెళ్లారో మొదటి రెండు మూడు బంతుల్లోనే పసిగట్టాలి.

నూనె ఎన్ని అడుగుల మేర ఉందో తెలిస్తే, అందులోంచి 31 తీసివేయగా వచ్చే సంఖ్యను బంతి నూనె దాటాల్సిన బోర్డుగా (లేన్ పొడవునా పరిచిన సన్నని పట్టీలలో అంచు నుంచి అన్నోదిగా) తీసుకోవడం ఆటగాళ్లలో వాడుక. నూనె 42 అడుగులైతే అది 11వ బోర్డు. ఇది తొలి అంచనాకు ఉపయోగపడుతుందే తప్ప అంతకుమించి దీని మీద భారం వేయకూడదు. మేజర్ గురించి ఆలోచించేవారు ఒక సీజన్ మొత్తం స్పోర్ట్ ప్యాటర్న్ లీగ్‌లో ఆడి, అక్కడి సగటునే తమ అసలు సగటుగా భావించడం మంచిదని నా అభిప్రాయం.

అపోహ: ఎక్కువ స్ట్రైకులు వేసినవారే (తొలి బంతికే పది పిన్నులూ పడగొట్టినవారే) ముందుకు వెళతారు.

వాస్తవం: చివరి పోరుకు మిగిలే అయిదుగురి విషయంలో ఇది నిజం కావచ్చు. అక్కడిదాకా చేర్చేది మాత్రం స్పేర్లే, అంటే మిగిలిన పిన్నులను రెండో బంతికి తీయడమే. గేమ్‌లోని పది ఫ్రేమ్‌లలో (వంతులలో) ప్రతిదానిలో తొలి బంతికి తొమ్మిది పిన్నులు పడగొట్టి, మిగిలిన ఒక్కదానిని రెండో బంతికి తీసే ఆటగాడు ఒక్క స్ట్రైక్ లేకుండానే 190 చేస్తాడు. అలాంటి ఒక స్పేర్ తప్పితే పోయేది ఒక్క పిన్ను కాదు, తర్వాతి బంతి నుంచి రావలసిన అదనపు పిన్నులతో కలిపి సుమారు పది. ఇటీవలి సంవత్సరాలలో యూఎస్ ఓపెన్‌లో 108 మంది తొలి మూడు రోజుల్లో 24 గేమ్‌లు ఆడితే, మొత్తం పిన్నుల లెక్కన 36 మంది మిగులుతారు. వారు మరో ఎనిమిది గేమ్‌లు ఆడాక 24 మంది మ్యాచ్ ప్లేకు (ఇద్దరిద్దరు తలపడే దశకు) చేరి ఇంకో 24 గేమ్‌లు ఆడతారు. గేమ్‌కు ఒక సులువైన స్పేర్ చొప్పున వదిలేసినవాడు మొదటి 24 గేమ్‌లలోనే సుమారు 240 పిన్నులు పోగొట్టుకుంటాడు. లీగ్ రాత్రి మూడు గేమ్‌లతో ముగుస్తుంది కనుక అక్కడ ఈ నష్టం పెద్దగా బయటపడదు. మూలనున్న పదో పిన్ను కోసం, నూనె ఎలా ఉన్నా దాదాపు నేరుగా వెళ్లే ప్లాస్టిక్ బంతి ఒకటి కుడిచేతి ఆటగాడి సంచిలో తప్పకుండా ఉండాలి.

అపోహ: బరువైన బంతి, బలమైన చెయ్యి ఉంటేనే సాధ్యం.

వాస్తవం: అనుమతించిన గరిష్ఠ బరువు 16 పౌండ్లే అయినా నేడు చాలామంది మేటి ఆటగాళ్లు 15 పౌండ్ల బంతి వాడుతున్నారు. చక్కటి స్ట్రైక్‌లో బంతి స్వయంగా తాకేది నాలుగు పిన్నులనే. కుడిచేతి ఆటగాడికి అవి 1, 3, 5, 9. తక్కినవి ఒకదాన్నొకటి పడగొట్టుకుంటాయి. అందుకు బంతి సుమారు ఆరు డిగ్రీల కోణంలో పాకెట్‌లోకి (కుడిచేతి ఆటగాడికి 1, 3 పిన్నుల మధ్యకు) ప్రవేశించాలి. 2010లో కెల్లీ కులిక్ అనే మహిళ పురుషులతో తలపడి టోర్నమెంట్ ఆఫ్ ఛాంపియన్స్ గెలిచిన తర్వాత కూడా ఈ అపోహ బతికే ఉండడం నాకు ఆశ్చర్యమే.

అపోహ: లీగ్‌లో ఏళ్లుగా వాడిన బంతి ఎక్కడైనా చెల్లుతుంది.

వాస్తవం: 2020 ఆగస్టు 1 నుంచి యూఎస్‌బీసీ పోటీలలో బ్యాలెన్స్ రంధ్రాలు (వేళ్లు పెట్టడానికి కాక బంతి బరువు పంపిణీని మార్చడానికి వేసేవి) నిషిద్ధం, బంతికి ఉన్న ప్రతి రంధ్రాన్నీ పట్టు కోసం వాడాలి. మేటి ఆటగాడు జేసన్ బెల్మోంటేలా రెండు చేతులతో ఆడడం పూర్తిగా నిబంధనలకు లోబడినదే. కానీ ఆ శైలికి మారినవారు బొటనవేలు పెట్టని పాత రంధ్రాన్ని అలాగే వదిలేస్తే అది కూడా బ్యాలెన్స్ రంధ్రం కిందికే వస్తుంది. దానిని పూడ్చి, పూడ్చిన పదార్థం గట్టిపడ్డాక ఉపరితలాన్ని చదును చేయాలి కనుక, బయలుదేరే ముందురోజు సాయంత్రం కాకుండా కనీసం వారం ముందే బంతులన్నీ ప్రో షాపుకు తీసుకురావాలి.