ఆంటీ జాక్ నవ్వులు: టేపు చెప్పేదొకటి, జ్ఞాపకం చెప్పేదొకటి (అపోహలు - వాస్తవాలు)

1970ల ఆస్ట్రేలియా టీవీ కామెడీ గురించి అడిగితే ఆ తరంవాళ్ళు ముందుగా చెప్పే పేర్లలో ఆంటీ జాక్ ఒకటి. గుబురు మీసం, నీలం వెల్వెట్ గౌను, ఫుట్‌బాల్ మేజోళ్ళు, బరువైన బూట్లు, చేతికి బంగారు రంగు బాక్సింగ్ గ్లవ్, ఎక్కడానికి మోటార్‌సైకిల్. చెప్పిన మాట వినకపోతే చేతులు పీకేస్తానని ప్రేక్షకుల్ని బెదిరించే ఈ పాత్ర వేసింది గ్రాహం బాండ్. ప్రభుత్వ ప్రసార సంస్థ ఏబీసీలో 1972, 73ల్లో రెండు సీరీస్‌లు వచ్చాయి. షోలో మాటిమాటికీ తగిలే ఊరు వులంగాంగ్. సిడ్నీకి దక్షిణాన దాదాపు 80 కిలోమీటర్లు. ఒక పక్క నిటారుగా కొండ, ఇంకో పక్క సముద్రం, చుట్టూ బొగ్గు గనులు, పోర్ట్ కెంబ్లాలో ఉక్కు ఫ్యాక్టరీ పొగ గొట్టాలు.

మేం పాత టేపుల్నీ ఫిల్ముల్నీ డిజిటల్‌లోకి ఎక్కించే పనిలో ఉన్నవాళ్ళం. ఇలాంటి షోల మీద అభిమానంతో పాటు పుకార్లూ పెరుగుతాయి. కొన్ని పుకార్ల వల్ల పోయేదేమీ లేదు. కొన్నింటిని నమ్మితే మాత్రం అటక మీదున్న టేపు పాడవుతుంది.

అపోహ: ఇది వులంగాంగ్ వాళ్ళు తమ ఊరి మీద తామే వేసుకున్న జోకు.

కాదు. షో తయారైంది సిడ్నీ ఏబీసీలో. బాండ్ సిడ్నీ యూనివర్సిటీలో ఆర్కిటెక్చర్ చదువుతూ విద్యార్థి నాటకాల్లో ఆరితేరినవాడు. ఇదే షోలో నార్మన్ గన్‌స్టన్ పాత్రతో పేరు తెచ్చుకున్న గ్యారీ మెక్‌డొనాల్డ్ కూడా సిడ్నీవాడే. అంటే పెద్ద నగరం పక్కనున్న ఫ్యాక్టరీ ఊరిని ఆటపట్టించడమే. అయినా అది వెటకారంగా మిగిలిపోకపోవడానికి కారణం గన్‌స్టన్ పాత్ర కట్టిన తీరు. వులంగాంగ్‌లో ఈ వారం విశేషాలు చెప్పే లోకల్ రిపోర్టర్‌గా అతను మొదలయ్యాడు. తన ఊరు చిన్నదని అతనికి ఏ కోశానా అనిపించదు. లండన్ వార్తలు ఎంత గంభీరంగా చదువుతారో క్లబ్బులో జరిగే కార్యక్రమాన్నీ అంత గంభీరంగా చెబుతాడు. నవ్వు ఊరి మీద కాదు, ఆ ధీమా మీద పడుతుంది.

అపోహ: గన్‌స్టన్ నిజమైన ఇంటర్వ్యూయర్, తర్వాత కామెడీలోకి వచ్చాడు.

పూర్తిగా కల్పిత పాత్ర. 1975లో సొంత షో వచ్చింది, 1976లో ఆస్ట్రేలియా టీవీ అవార్డుల్లో పెద్దదైన గోల్డ్ లోగీ పాత్ర పేరు మీదే వచ్చింది. మెక్‌డొనాల్డ్ ఆ వేషంలోనే వెళ్ళి తీసుకున్నాడు. 1975 నవంబర్ 11న గవర్నర్ జనరల్ అప్పటి ప్రధాని గాఫ్ విట్లమ్ ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసిన రోజు పార్లమెంటు మెట్ల మీద జనంతో మాట్లాడింది కూడా ఈ పాత్రే. వార్తల క్లిప్పుల్లో చూసి నిజం విలేకరి అనుకోవడం అక్కణ్ణించే మొదలైంది.

అపోహ: ఆంటీ జాక్ షోను రంగుల్లో చూశాం.

1972, 73ల్లో ఆస్ట్రేలియా ఇళ్ళలోకి వచ్చిన ప్రసారం నలుపు-తెలుపే. రంగుల ప్రసారం అధికారికంగా మొదలైంది 1975 మార్చి 1న. ఈ గందరగోళానికి ఒక కారణం ఉంది. ఫిబ్రవరి 28 అర్ధరాత్రికి 3 నిమిషాల ముందే, 11:57కి, ఏబీసీ మిగతా చానళ్ళకంటే ముందుగా రంగుల్లోకి దూకింది. ఆ 3 నిమిషాలకు తెర మీదికొచ్చింది ఆంటీ జాక్ బృందమే. నలుపు-తెలుపులో మొదలై, రంగు ఒక భూతంలా బొమ్మను మింగేసే జోకు అది. పాత సెట్టున్న ఇళ్ళలో మాత్రం ఆ భూతం రానే లేదు. పాల్ (పీఏఎల్) అనే రంగుల టీవీ పద్ధతి సంకేతంలో వెలుగు భాగం, రంగు భాగం వేరువేరుగా ఉంటాయి. నలుపు-తెలుపు సెట్టు మొదటిదే తీసుకుని రెండోదాన్ని వదిలేస్తుంది. ఏళ్ళ తర్వాత పునఃప్రసారంలో చూసిన రంగుల్ని జ్ఞాపకం వెనక్కి పూసేసింది.

ఆస్ట్రేలియాలో తొలి రంగుల ప్రసారమూ ఇదే అనేవాళ్ళున్నారు. అదీ తప్పే. 1967లోనే పాకెనమ్ గుర్రప్పందేలను ప్రయోగాత్మకంగా రంగుల్లో ప్రసారం చేశారు. 1974లో పరీక్షా ప్రసారాలు వరసగా నడిచాయి.

అపోహ: మొదటి ప్రసారం రాత్రే వీహెచ్‌ఎస్ వీడియో క్యాసెట్ మీద రికార్డు చేశాం, ఇంట్లో ఉంది.

వీహెచ్‌ఎస్ జపాన్‌లో మొదట అమ్మకానికి వచ్చిందే 1976లో. ఫిలిప్స్ ఎన్1500 లాంటి వీడియో రికార్డర్లు యూరప్‌లో 1972 నుంచి ఉన్నా మామూలు ఇళ్ళకు అందేవి కావు. మీ క్యాసెట్‌లో ఉన్నది తప్పకుండా పునఃప్రసారమే. అది పనికిరాదని కాదు. ముందూ వెనకా వచ్చే ప్రోమోలు, చానల్ గుర్తు, అనౌన్సర్ మాటలు ఏ ఏటివో చెప్పేస్తాయి. వాటిని కత్తిరించకండి. ఆర్కైవ్ వాళ్ళకు షో కంటే అవే అరుదు.

అపోహ: ఏబీసీ అన్నీ చెరిపేసింది.

ఆ రోజుల్లో స్టూడియోల్లో వాడే 2 అంగుళాల వీడియో టేపు ఖరీదైంది. వాడిన దాని మీదే మళ్ళీ రికార్డు చేయడం ప్రపంచమంతటా మామూలే. ఏబీసీ సంగీత కార్యక్రమం కౌంట్‌డౌన్ తొలి ఎపిసోడ్లు చాలావరకు అలాగే పోయాయి. ఆంటీ జాక్ మాత్రం మిగిలింది, డీవీడీలుగానూ వచ్చింది.

అపోహ: పాత టీవీ బొమ్మ అంతే, మసకగా గీతలతోనే ఉండేది.

ఇది మాకు ఎక్కువ కోపం తెప్పించే మాట. స్టూడియోలో వాడిన క్వాడ్రప్లెక్స్ టేపు (పైన చెప్పిన 2 అంగుళాలదే) సరిగ్గా ఆడిస్తే బొమ్మ దివ్యంగా ఉంటుంది. మీరు చూసే గీతలు చాలాసార్లు ఆడించడంలో జరిగిన లోపమే.

పనితీరు ఇది. తిరిగే చక్రం మీద 4 హెడ్లు (టేపు మీద రాసే, చదివే మొనలు), సెకనుకు 250 చుట్లు. ఒక్కో హెడ్ టేపు మీద అడ్డంగా ఒక్కసారి వెళ్ళేటప్పుడు దాదాపు 16 లైన్ల బొమ్మను ఒక పట్టీగా రాస్తుంది. అందుకే లోపం ఎక్కడుందో తెర చూస్తేనే తెలిసిపోతుంది. ప్రతి నాలుగో పట్టీ మాత్రమే గరగరగా ఉంటే ఒక హెడ్ అరిగింది, లేదా దానికి దుమ్ము పట్టింది. బొమ్మలోని నిలువు గీతలు పట్టీ పట్టీకీ రంపపు పళ్ళలా పక్కకు జరిగితే హెడ్ టేపులోకి దిగే లోతు తప్పింది. అవే గీతలు విల్లులా వంగితే టేపును పట్టి ఉంచే వాక్యూమ్ గైడ్ ఎత్తు తప్పింది. ఈ రెండూ ఆడించేటప్పుడే సరిచేయాలి. ఒకసారి ఫైల్‌లోకి ఎక్కాక సాఫ్ట్‌వేర్‌తో పూర్తిగా దిద్దడం అసాధ్యం. ఇంటర్నెట్‌లో తిరిగే క్లిప్పు చూసి అసలు టేపు నాణ్యతను తీర్పు చెప్పకండి.

అపోహ: నాయిస్ (బొమ్మలోని గరగర) తగ్గిస్తే, ఏఐతో పదును పెడితే కొత్తదానిలా వస్తుంది.

గన్‌స్టన్ ముఖం దగ్గరగా చూడండి. గడ్డం గీసుకుంటూ కోసుకున్న చోటల్లా చిన్న చిన్న టిష్యూ ముక్కలు అంటించుకుని ఉంటాడు. నెత్తిన బట్టతల మీదుగా అడ్డంగా దువ్విన నాలుగు వెంట్రుకలు. పాత్ర మొత్తం ఆ ముక్కల్లో, ఆ వెంట్రుకల్లో ఉంది. నాయిస్ తగ్గించే ఫిల్టర్ ఒక ఫ్రేమ్‌ను పక్క ఫ్రేములతో పోల్చి, తేడా ఉన్న చిన్న మచ్చల్ని చెత్త అనుకుని తుడిచేస్తుంది. తల కదిలిన ప్రతిసారీ టిష్యూ దానికి మచ్చలాగే కనిపిస్తుంది. గట్టిగా పెడితే రెండు ఫ్రేములకొకసారి ముక్క మాయమై మళ్ళీ వస్తుంది. ఏఐ పదును పెట్టేది ఇంకో అడుగు ముందుకేసి, వెంట్రుకల పోగుల్ని నున్నటి జుట్టుగా మార్చేస్తుంది.

వీహెచ్‌ఎస్ కాపీ అయితే ఇంకో సమస్య. అందులో రంగు వివరం వెలుగు వివరం కంటే చాలా తక్కువ, అడ్డంగా సుమారు 40 లైన్లే. టిష్యూ మీది ఎర్ర చుక్క ముక్క దాటి చెంప మీదికి కారినట్టు కనిపిస్తుంది, పైగా కాస్త కుడికి జరిగి ఉంటుంది. రంగు పొరను ఒకటి రెండు పిక్సెళ్ళు ఎడమకు జరిపితే సగం బాధ తీరుతుంది. అంతకు మించి ముట్టుకోకపోవడమే మేలు.

నలుపు-తెలుపు ఎపిసోడ్లకు ఏఐ వేసే రంగు ఊహే. రంగుల టేపును నలుపు-తెలుపు ఫిల్ము మీదకు తీసిన కాపీల్లో మాత్రం కొన్నిసార్లు సన్నటి చుక్కల రూపంలో రంగు సంకేతం మిగిలి ఉంటుంది. బ్రిటన్‌లో వాటి నుంచి అసలు రంగును రాబట్టారు. అసలు కెమెరాయే నలుపు-తెలుపుదైతే రాబట్టడానికి ఏమీ ఉండదు.

అపోహ: డీఇంటర్లేస్ (సగం సగం లైన్లుగా వచ్చే పాత వీడియోను పూర్తి ఫ్రేములుగా మార్చడం) ఒక బటన్ పని.

ఆ కాలం కామెడీల్లో స్టూడియో దృశ్యాలు వీడియో కెమెరాతో, బయటి దృశ్యాలు 16 మి.మీ. ఫిల్ముతో తీయడం రివాజు. వీడియోలో సెకనుకు 50 ఫీల్డులు (లైను విడిచి లైను ఉండే సగం బొమ్మలు), ప్రతిదీ వేరే క్షణం. ఫిల్ములో సెకనుకు 25 ఫ్రేములు, రెండేసి ఫీల్డులు ఒకే క్షణానివి. మొత్తానికి ఒకే సెట్టింగ్ పెడితే ఏదో ఒకటి చెడుతుంది. ఫిల్ము భాగానికి రెండు ఫీల్డుల్ని కలిపితే చాలు, పదును మొత్తం దక్కుతుంది. వీడియో భాగాన్ని ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే సాఫ్ట్‌వేర్‌లో బీడబ్ల్యూడిఫ్ లాంటి ఫిల్టర్‌తో 50 ఫ్రేములకు తేవాలి. 25కు కుదిస్తే స్టూడియో కదలికలో ఆ జీవం పోతుంది. ఫైల్ మొత్తాన్ని 50కే ఉంచి ఫిల్ము ఫ్రేముల్ని రెండేసిసార్లు చూపించండి.

ఫీల్డుల వరస కూడా చూసుకోవాలి. పాల్ డీవీ (పాత డిజిటల్ క్యామ్‌కార్డర్ ఫార్మాట్) ఫైళ్ళలో కింది ఫీల్డు ముందు, మిగతా వాటిలో చాలావరకు పై ఫీల్డు ముందు. తారుమారైతే నడిచే మనిషి ముందుకో అడుగు, వెనక్కో అడుగు వేసినట్టు వణుకుతాడు.

అపోహ: అంటుకునే టేపును ఓవెన్‌లో పెడితే బాగవుతుంది.

సగం నిజం, అందుకే ఎక్కువ ప్రమాదం. 1970ల నడుమ నుంచి వచ్చిన కొన్ని వృత్తి టేపుల్లో పూతను పట్టి ఉంచే జిగురు తేమ పీల్చి బంకగా మారుతుంది. వాటిని 50-54 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ఉష్ణోగ్రత కచ్చితంగా నిలిచే ఇంక్యుబేటర్‌లో 8 గంటలు లేదా ఇంకా ఎక్కువసేపు ఉంచితే కొన్ని వారాలపాటు ఆడుతాయి. ఇంటి ఓవెన్ ఆ స్థాయిలో నిలకడగా ఉండదు. ఎసిటేట్ అనే ప్లాస్టిక్ ఆధారం ఉన్న పాత ఆడియో టేపును వేడి చేస్తే వంకర్లు తిరిగి చస్తుంది. వీహెచ్‌ఎస్‌కు ఇది దాదాపు ఎప్పుడూ అక్కర్లేదు.

ఫిల్ము డబ్బా తీయగానే వెనిగర్ వాసన వస్తే వేరే జబ్బు. ఎసిటేట్ విరిగి ఆమ్లం వదులుతోంది, ఆ ఆమ్లమే విరగడాన్ని ఇంకా వేగం చేస్తుంది. ఆ రీలును మిగతావాటి నుంచి వెంటనే విడదీయండి. విడిగా ఉండే మాగ్నెటిక్ సౌండ్ రీలు బొమ్మ రీలు కంటే ముందే పోతుంది, ఐరన్ ఆక్సైడ్ దాన్ని తొందరపెడుతుంది. అది కుదించుకుపోతే మాటకూ పెదవికీ పొంతన కుదరదు. కాబట్టి ముందు శబ్దం ఎక్కించాలి.

అపోహ: వీసీఆర్‌ను యూఎస్‌బీ డాంగిల్‌కి తగిలిస్తే పని అయిపోయింది.

ముందు క్యాసెట్ కిటికీలోంచి టేపు అంచు చూడండి. తెల్లటి పొడి ఉంటే బూజు. అది యంత్రంలో పెడితే హెడ్లు పాడవుతాయి, తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్‌కూ అంటుతుంది. శుభ్రంగా ఉంటే ఒకసారి చివరిదాకా తిప్పి వెనక్కి చుట్టండి. వీసీఆర్‌లో నీలి తెర ఫీచర్ ఆపేయండి. లేకపోతే సంకేతం కాస్త బలహీనపడగానే బొమ్మ బదులు నీలం రికార్డవుతుంది. ఎస్-వీడియో కనెక్షన్ (వెలుగు, రంగు విడిగా పంపేది), మధ్యలో టైమ్ బేస్ కరెక్టర్ (లైన్ల వణుకు సరిచేసే పరికరం), 720×576 పిక్సెళ్ళు, 4:2:2 రంగు సెట్టింగ్, ఎఫ్‌ఎఫ్‌వీ1 లాంటి నష్టం లేని ఫార్మాట్ వాడండి. గంటకు 30-40 జీబీ పడుతుంది. అడుగున చిరిగినట్టుండే కొన్ని లైన్లు హెడ్లు మారే చోటు. దాచుకునే మాస్టర్ ఫైల్‌లో కత్తిరించకండి, చూసే కాపీలో నల్లగా కప్పేస్తే సరి.

శబ్దంలో 50 హెర్ట్‌జ్ హమ్ (కరెంటు మోత) ఉంటే, దాన్ని మాత్రమే తీసేసే సన్నటి నాచ్ ఫిల్టర్ చాలు. నాయిస్ గేట్ (చిన్న శబ్దాల్ని నొక్కేసే ఫిల్టర్) పెడితే జోకు తర్వాత నవ్వు తోక తెగిపోతుంది. కామెడీకి అంతకంటే ద్రోహం లేదు.

అపోహ: 16:9కి పెంచితే టీవీ నిండా బాగుంటుంది.

4:3 బొమ్మను 16:9కి కత్తిరిస్తే ఎత్తులో పావు వంతు పోతుంది. సాగదీస్తే ఆంటీ జాక్ ఇప్పుడున్న దానికంటే లావవుతాడు. రెండూ వద్దు.

అపోహ: ఆస్ట్రేలియా డీవీడీ ఇండియాలో ఆడదు, టీవీ సిస్టమ్ వేరు.

టీవీ సిస్టమ్ ఒకటే. డీవీడీలకు రెండు చోట్లా పాల్, 625 లైన్లు, 25 ఫ్రేములు. అడ్డొచ్చేది రీజియన్ కోడ్, అంటే డిస్క్ ఏ ప్రాంతం ప్లేయర్లలో ఆడాలో నిర్ణయించే తాళం. ఆస్ట్రేలియా 4, ఇండియా 5. రీజియన్ అడ్డు లేని ప్లేయర్‌లో హైదరాబాద్‌లోనైనా విశాఖలోనైనా ఆడుతుంది. అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళకు మాత్రం రెండు తాళాలు: కోడూ వేరు, సిస్టమూ వేరు. కంప్యూటర్‌లో వీఎల్‌సీ ప్లేయర్ అయితే పాల్ గొడవ ఉండదు. డీవీడీ డ్రైవ్ రీజియన్ మాత్రం 5 సార్లే మార్చనిస్తుంది, ఐదోసారి పెట్టిందే ఖాయమవుతుంది.