జార్జ్ స్నేహితుణ్ణి వదిలించుకున్నాడా? అమెరికన్ నవలల్లో స్నేహం: అపోహలు - వాస్తవాలు

డిగ్రీ, ఎం.ఏ. పిల్లలకి అమెరికన్ ఫిక్షన్ పాఠం చెబుతాను. పేపర్లు దిద్దేటప్పుడు ప్రతి ఏడాదీ ఒకే వాక్యం ఎదురవుతుంది: "లెన్నీ భారమయ్యాడు కాబట్టి జార్జ్ అతన్ని చంపి ఆ భారం దించుకున్నాడు." ఎక్కడి నుంచి వస్తోందో నాకు తెలుసు. ఎవరో గైడులో రాశారు, దాన్ని ఇంకొకరు వీడియోలో చెప్పారు, అది పీడీఎఫ్ అయి వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. వాళ్ళలో ఒక్కరైనా పుస్తకం చివరిదాకా చదివినట్టు లేదు. మార్కులు పోతే పోయాయి, ఈ ఒక్క మాట నమ్మితే స్టైన్‌బెక్ 1937లో రాసిన 'ఆఫ్ మైస్ అండ్ మెన్' మొత్తం తలకిందులుగా అర్థమవుతుంది. అందుకే ముందు దాని సంగతి తేలుద్దాం. కథలో జార్జ్, లెన్నీ ఊరూరా తిరిగి పొలాల్లో కూలి చేసే ఇద్దరు స్నేహితులు. లెన్నీకి ఒంట్లో బలం ఎక్కువ, బుద్ధి మాత్రం చిన్నపిల్లాడిది, జార్జే అతన్ని చూసుకుంటాడు. ఎప్పటికైనా సొంత ఇల్లూ నేలా కొనుక్కోవాలని వాళ్ళ కల.

అపోహ: లెన్నీ భారం, జార్జ్ దించుకున్నాడు.

వాస్తవం: ఈ మాటకి ఆధారంలా కనిపించే చోటు ఒకటుంది. మొదటి భాగంలో, సాలినాస్ నది ఒడ్డున, జార్జ్ కోపంతో ఊగిపోతూ, ఒక్కణ్ణే ఉంటే ఎంత హాయిగా బతికేవాణ్ణో ఏకరువు పెడతాడు. నెలాఖరుకి 50 డాలర్లు చేతిలో పడగానే టౌన్‌కి పోయేవాణ్ణి, తాగేవాణ్ణి, పేకాడేవాణ్ణి అంటాడు. గైడు రాసినవాళ్ళు అక్కడితో ఆగిపోయారు. మీరు అయిదో భాగం తియ్యండి.

వాళ్ళు పనిచేసే పొలం యజమాని కొడుకు కర్లీ. గడ్డి కొట్టంలో అతని భార్య, లెన్నీ చేతిలో అతనికి తెలియకుండానే, చనిపోయి ఉంది. లెన్నీ పారిపోయాడు. ఆ శవం పక్కన మిగిలింది జార్జ్, అక్కడే పనిచేస్తూ ఒక చెయ్యి పోగొట్టుకున్న ముసలి క్యాండీ. ముగ్గురూ కలిసి కొనుక్కుందామనుకున్న ఇల్లూ నేలా 600 డాలర్లు. పోయిన చేతికి ఇచ్చిన పరిహారం, దాచుకున్నది కలిపి క్యాండీ దగ్గరే 300 ఉన్నాయి, నెలాఖరుకి ఇంకో 50 వస్తాయి. సగం పైనే సమకూరినట్టు. మనిద్దరం వెళ్ళి అక్కడ ఉండొచ్చు కదా జార్జ్ అని ఆ ముసలాయన ఆశగా అడుగుతాడు. లెన్నీ నిజంగా భారమే అయితే, జార్జ్ అప్పుడే సరే అనాలి. అనడు. అది జరిగే పని కాదని తనకి మొదటి నుంచీ తెలుసంటాడు. లెన్నీకి వినడం అంత ఇష్టం కాబట్టి చెప్పీ చెప్పీ, ఏమో నిజంగానే కొంటామేమో అని తనకీ అనిపించిందంటాడు. తర్వాత వచ్చేవి మొదటి భాగంలోని మాటలే: నెలంతా పనిచేస్తా, 50 డాలర్లు తీసుకుంటా, ఏదో వేశ్యల కొంపలో రాత్రంతా గడుపుతా. కోపంలో హాయి అని చెప్పిన బతుకునే ఇప్పుడు శిక్ష చదివినట్టు చెబుతున్నాడు. డబ్బు తెచ్చే మనిషి ఎదురుగా ఉన్నాడు, నేల ఎక్కడికీ పోలేదు, అయినా జార్జ్‌కి అక్కర్లేదు. లెన్నీ లేని ఇల్లు అతనికి ఇల్లే కాదు.

మరి కాల్చడం ఎందుకు? కర్లీ తుపాకీ పట్టుకుని, కడుపులో కాలుస్తానంటూ బయల్దేరాడు. ప్రాణాలతో పట్టుకున్నా లెన్నీని కట్టేసి బోనులో పెడతారని తోటి కూలీ స్లిమ్ ముందే చెప్పాడు. ఇంకో సంగతి, గైడుల్లో ఎప్పుడూ కనిపించనిది: మూడో భాగంలో క్యాండీ ముసలి కుక్కని ఇంకో కూలీ కార్ల్‌సన్ తన లూగర్ పిస్తోలుతో తల వెనక కాలుస్తాడు. తర్వాత క్యాండీ జార్జ్‌తో, నా కుక్కని నేనే కాల్చుకోవాల్సింది, పరాయివాడికి అప్పగించకూడదు అని బాధపడతాడు. చివర్లో జార్జ్ చేతిలో ఉన్నది అదే లూగర్. పరాయివాళ్ళ చేతికి లెన్నీని వదలకపోవడమే అతనికి మిగిలిన ఒకే ఒక దారి. అది న్యాయమని స్టైన్‌బెక్ ఎక్కడా తీర్పు చెప్పడు, మీరూ పేపర్లో చెప్పనక్కర్లేదు. కానీ "భారం దించుకున్నాడు" అని మాత్రం దయచేసి రాయకండి.

ఇంత పట్టుదలగా చెప్పడానికి కారణం ఉంది. ఒకసారి ఈ పాఠం అయ్యాక అందరూ వెళ్ళిపోయినా ఒక అబ్బాయి బెంచీలోనే కూర్చుండిపోయాడు. అతని తమ్ముడికి వయసుకి తగ్గ మానసిక ఎదుగుదల లేదు. స్నానం దగ్గర నుంచి అన్నీ ఇతనే చూసుకోవాలి. "మేడమ్, నేనూ వాడి మీద అరుస్తాను. నువ్వు లేకపోతే బాగుండేదని ఒకసారి అనేశాను కూడా. నోట్సులో రాసినట్టు నా లోపల కూడా అదే ఉందా?" అని అడిగాడు. గొంతు వణుకుతోంది. ఎంత టెన్షన్ పడుతున్నాడో చూసి నాకు ఆ నోట్సు మీద వచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు.

అక్కడే పుస్తకం తెరిచి, జార్జ్ అరిచిన తర్వాతి పేజీ చదివించాను. జార్జ్ లెన్నీ ముఖంలో భయం చూస్తాడు, సిగ్గుపడి మంట వైపు చూపు తిప్పుకుంటాడు, వీలు చిక్కగానే కుక్కపిల్లని తెచ్చిస్తానంటాడు, ఆ ఇంటి కథ మళ్ళీ మొదటి నుంచి చెబుతాడు. తర్వాత స్లిమ్‌తో మాట్లాడే చోటు కూడా చదివించాను. ఒకప్పుడు జార్జ్ లెన్నీని ఆటపట్టించేవాడు. నలుగురి ముందు శాక్రమెంటో నదిలో దూకమంటే లెన్నీ దూకేశాడు. ఈత రాదు. మునిగిపోబోతుంటే బయటికి లాగితే, దూకమన్నది ఇతనే అన్న సంగతి మర్చిపోయి థాంక్స్ చెప్పాడు. ఆ రోజు నుంచి జార్జ్ ఆ పని మానేశాడు. "చూడు నాన్నా, విసుగు జార్జ్‌కీ వచ్చింది. విసుగొచ్చిన ప్రతిసారీ ఏం చేశాడో అది చూడు" అన్నాను. ఆ అబ్బాయి పుస్తకం అడిగి ఇంటికి తీసుకెళ్ళాడు. ఇంట్లో ఇలాంటి బాధ్యత ఉండి ఈ నవల చదువుతూ భయపడేవాళ్ళు ఇంకా చాలామంది ఉంటారు. మీ విసుగుని ఆ ముగింపుతో కలపకండి.

అపోహ: అమెరికా వాళ్ళకి బంధాలు తక్కువ, అందుకే వాళ్ళ నవలల్లో అంత ఒంటరితనం.

వాస్తవం: ఈ మాట చెప్పేవాళ్ళు పాత్రల చుట్టూ ఉన్న ఏర్పాటుని చూడరు. గుర్రాల పని చూసే క్రూక్స్ నల్లజాతివాడు కాబట్టి, కూలీలంతా పడుకునే చోటికి అతన్ని రానివ్వరు, పేకాటలో కూర్చోనివ్వరు. జీనులూ పగ్గాలూ పెట్టే గదిలో పుస్తకాలతో ఉంటాడు. మనిషి తోడు కోసం ఎంత అల్లాడుతున్నాడో లెన్నీకి అతనే చెబుతాడు. ఆ ఇంట్లో నాకూ చోటిస్తారా అని అడిగిన కాసేపటికే, నిన్ను చెట్టుకి ఉరేయించగలనని కర్లీ భార్య బెదిరిస్తే, ఆ మాట వెనక్కి తీసుకుంటాడు. బెదిరించిన ఆమెకి కూడా మాట్లాడే తోడు లేదు, ఆమెకి పేరు కూడా పెట్టలేదు రచయిత. క్యాండీ భయమేమో పని చేయలేని రోజున తోసేస్తారని. 1935లో అమెరికాలో ముసలితనంలో పింఛనిచ్చే సోషల్ సెక్యూరిటీ చట్టం వచ్చింది, పొలం కూలీలని అందులోంచి వదిలేశారు. ఇవన్నీ తెలిశాక బంధాల విలువ తెలియని జనం అని ఎలా అంటాం?

మిగతావి తొందరగా చెప్పేస్తాను.

బానిసత్వం తప్పని తెలుసుకుని హక్ ఫిన్ జిమ్‌ని కాపాడాడంటారు. హక్ అనే కుర్రాడు, పారిపోయిన బానిస జిమ్ కలిసి ప్రయాణం చేసే మార్క్ ట్వేన్ నవల అది. 1884లో వచ్చిన ఆ నవలలో హక్ అలా ఎప్పుడూ అనుకోడు. జిమ్‌ని పట్టిస్తూ రాసిన ఉత్తరాన్ని చింపేసేటప్పుడు, తను చేస్తున్నది పాపమని, నరకానికి పోతానని నిజంగా నమ్ముతాడు. నమ్మి కూడా చింపుతాడు.

గాట్స్‌బీకి ఎంతమంది స్నేహితులో అంటారు. 1925లో ఫిట్జెరాల్డ్ రాసిన 'ది గ్రేట్ గాట్స్‌బీ' నవలలో ఆ ధనికుడి పార్టీలకి వచ్చిన వందలమందిలో అంత్యక్రియలకి వచ్చింది ఒకే ఒక్కడు, లైబ్రరీలో కనిపించిన కళ్ళద్దాలాయన. మిగిలింది తండ్రి, కథ చెప్పే నిక్, నౌకర్లు, పోస్టుమ్యాన్. ఉస్మానియా ప్రాంగణంలో అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ లైబ్రరీ ఉండేది. నేను అక్కడే ఆ పేజీలు చదివాను. గాట్స్‌బీ ఇంట్లోనే ఉండి తిన్న క్లిప్‌స్ప్రింగర్ ఫోన్ చేసి, మర్చిపోయిన బూట్లు పంపమని అడిగే చోట చాలాసేపు పేజీ తిప్పలేకపోయాను.

చుట్టూ మనుషులుంటే ఒంటరితనం ఉండదంటారు. కార్సన్ మెక్కలర్స్ 23 ఏళ్ళ వయసులో, 1940లో అచ్చువేసిన 'ది హార్ట్ ఈజ్ ఎ లోన్లీ హంటర్' చదవండి. చెవిటి, మూగ అయిన సింగర్ గదికి నలుగురు వచ్చి మనసులో ఉన్నదంతా చెప్పుకుంటారు. అతని మనసు మాత్రం దూరాన ఆసుపత్రిలో ఉన్న తన ఒక్క స్నేహితుడి దగ్గర ఉంది. ఆ సంగతి నలుగురిలో ఎవరికీ పట్టదు.

పరీక్ష దగ్గరికి వచ్చి టైం లేదని భయపడుతున్నారా? 'ఆఫ్ మైస్ అండ్ మెన్' ఆరు భాగాల చిన్న పుస్తకం, ఒక ఆదివారం చాలు. అదీ కుదరకపోతే మూడో భాగంలో కుక్క దగ్గర మొదలుపెట్టి, నాలుగులో క్రూక్స్ గది, అయిదులో క్యాండీ అడిగే ప్రశ్న, ఆరో భాగం మొత్తం చదవండి. ఆ ప్రశ్నకి జార్జ్ ఇచ్చిన జవాబుని మీ సొంత మాటల్లో రాయండి.