గిన్నెడు ఉడికిన శనగల్లో ఎంత బలం?

చెన్నై

పిల్లలూ,

మీ అందరికీ ఆశీస్సులు. నవరాత్రులు దగ్గరపడ్డాయి. కొలువు పెట్టిన ఏ ఇంటికి వెళ్ళినా చేతిలో ఒక దొన్నె పెడతారు. ఇక్కడ సుండల్ అంటారు, మనకు గుగ్గిళ్ళు. ఆ శనగల గురించి మీలో కొందరు మంచి ప్రశ్న అడిగారు. ప్యాకెట్ వెనక వంద గ్రాములకు 20 గ్రాముల ప్రోటీన్ అని రాసి ఉంది కదా, మరి వంద గ్రాముల సుండల్ తింటే 20 గ్రాములూ అందుతాయా అని.

అందవు. తొమ్మిది గ్రాములకు కాస్త తక్కువ అందుతుంది.

ప్యాకెట్ మీది లెక్క ఎండు గింజలది. వంద గ్రాముల ఎండు శనగలు నాని, ఉడికేసరికి దాదాపు 230 గ్రాములు తూగుతాయి. ప్రోటీన్ ఎక్కడికీ పోలేదు, నీళ్ళు వచ్చి చేరాయి. ఉడికిన గింజ బరువులో అరవై శాతం నీళ్ళే. అందుకని ఎక్కడ ఏ అంకె కనిపించినా అది ఎండు గింజదా, ఉడికినదా అని ముందు చూడండి. ఇంటర్నెట్‌లో పోట్లాడుకునే వాళ్ళలో సగం మంది ఈ రెండు లెక్కలూ కలిపేసుకున్నవాళ్ళే.

ఉప్పు, నూనె లేకుండా ఉడికించిన వంద గ్రాముల కాబూలీ శనగల్లో 164 కేలరీలు, దాదాపు 9 గ్రాముల ప్రోటీన్, 27 గ్రాముల పిండిపదార్థాలు, 2.6 గ్రాముల కొవ్వు ఉంటాయి. ఆ 27 గ్రాముల్లోనే ఏడున్నర గ్రాముల దాకా పీచు. ఇనుము 2.9 మిల్లీగ్రాములు, ఫోలేట్ అనే బి విటమిన్ 172 మైక్రోగ్రాములు, పొటాషియం 290 మిల్లీగ్రాములు. అంతే బరువున్న తెల్లన్నంలో 130 కేలరీలున్నా ప్రోటీన్ మూడు గ్రాములకు లోపే, పీచు అర గ్రాము కూడా ఉండదు. సాయంత్రం నాలుగింటికి శనగలు తిన్నవాళ్ళకు రాత్రి భోజనం దాకా ఆకలి వేయకపోవడానికి కారణం ఇదే. ఆ పిండిపదార్థం నెమ్మదిగా అరుగుతుంది, రక్తంలో చక్కెర ఒక్కసారిగా ఎగబాకదు.

మీ వయసువాళ్ళకు తలా 50 గ్రాముల ఎండు శనగలు నానబెడితే సరిపోతుంది. ఉడికాక 115 గ్రాములవుతాయి. పది గ్రాముల ప్రోటీన్ వచ్చినట్టే. 13 నుంచి 15 ఏళ్ళ ఆడపిల్లకు రోజుకు 43 గ్రాముల ప్రోటీన్ కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంది. నాలుగో వంతు ఒక్క దొన్నెలోనే వచ్చేసింది. ప్రోటీన్ అమైనో ఆమ్లాలనే చిన్న ముక్కలతో తయారవుతుంది. శనగల ప్రోటీన్‌లో వాటిలో ఒకటైన లైసిన్ బాగా ఉంటుంది, మరొకటైన మెథియోనిన్ తక్కువ. బియ్యంలో దీనికి తిరగేసి ఉంటుంది. రెండూ ఒకే ముద్దలో ఉండక్కర్లేదు, ఆ రోజులో ఎప్పుడో అన్నం తింటే చాలు, ఒకదాని లోటును ఇంకొకటి పూడుస్తుంది.

ఇనుము సంగతి మాత్రం ఇంత సులువు కాదు. ఆడపిల్లలు ఇది శ్రద్ధగా చదవాలి. మీకు రోజుకు 30 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. దొన్నెడు శనగల్లో ఉన్నది మూడు చిల్లర. అందులోనూ ఒంటికి పట్టేది కొంతే, ఎందుకంటే గింజలోని ఫైటిక్ ఆమ్లం ఇనుమును పట్టుకుని వదలదు. విటమిన్ సి తోడైతే ఆ పట్టు సడలుతుంది. సుండల్‌లో పచ్చి మామిడి ముక్కలు వేయడం, నిమ్మరసం పిండడం రుచికే అనుకోకండి. నిమ్మరసం పొయ్యి ఆపి, గిన్నె దింపి, కాస్త ఆరాక పిండాలి. ఉడుకుతుండగా పిండితే వేడికి సి విటమిన్ చాలావరకు పోతుంది. వెంట ఒక జామకాయ తింటే నిమ్మకాయ కంటే ఎన్నో రెట్లు మేలు. ఇక ఈ ఊళ్ళో వదలని అలవాటు ఒకటుంది, టిఫిన్ అవగానే ఫిల్టర్ కాఫీ. కాఫీ, టీలలోని పదార్థాలు ఇనుమును పట్టనివ్వవు. కనీసం గంట ఎడం ఇవ్వండి.

శనగల్లో బి12 అసలు లేదు. పాలు, పెరుగు, గుడ్డు లాంటివి ఆ పని చేయాలి.

ఇప్పుడు ఉడికించడం. పోషణ లెక్క సగం ఇక్కడే తేలుతుంది. పచ్చి గింజలో ప్రోటీన్ అరగనివ్వని పదార్థాలు ఉంటాయి, బాగా ఉడికితేనే అవి నశిస్తాయి. శ్రావణ మాసం వాయనంలో వచ్చిన నానిన శనగలు గుప్పెడు నమిలితే నష్టం లేదు. బలం వస్తుందని రోజూ గిన్నెడు పచ్చివే తినడం మాత్రం వద్దు.

గింజలకు నాలుగింతల నీళ్ళు పోసి ఎనిమిది నుంచి పది గంటలు నాననివ్వండి. లీటరు నీళ్ళకు ఒక చెంచా ఉప్పు వేయండి. ఉప్పేస్తే ఉడకవని చాలామంది అంటారు కానీ, నానే నీళ్ళలో ఉప్పు ఉంటే పొట్టు త్వరగా మెత్తబడుతుంది. ఉడకనివ్వనివి చింతపండు, టమాటా. పులుపు ఏదైనా గింజ మెత్తబడ్డాకే. మన ఎండలకు పన్నెండు గంటలు దాటితే నీళ్ళు నురగకట్టి పుల్లటి వాసన వేస్తాయి. అంతసేపు ఉంచక తప్పకపోతే ఫ్రిజ్‌లో పెట్టండి.

నానిన నీళ్ళు పారబోయండి. కడుపుబ్బరం తెచ్చే చక్కెరల్లో కొంత వాటితో పోతుంది. అలవాటు లేనివాళ్ళు మొదట అర దొన్నెతో మొదలుపెట్టి వారం వారం పెంచుకోవాలి. పేగుకు అలవాటు కావడానికి సమయం కావాలి.

కుక్కర్‌లో గింజలూ నీళ్ళూ కలిపి సగానికి మించకూడదు. శనగల నురుగు పైకి లేచి ఆవిరి వెళ్ళే దారి మూసేస్తుంది, అది ప్రమాదం. ఒక చుక్క నూనె వేస్తే నురుగు అణుగుతుంది. కాబూలీ శనగలకు మధ్యస్థం మంట మీద నాలుగైదు విజిల్స్, నల్లవాటికి ఆరేడు. ఆవిరి దానంతట అదే దిగనివ్వండి. విజిల్ ఎత్తి ఒక్కసారిగా ఆవిరి వదిలితే పొట్టు చిట్లి గింజలు విచ్చిపోతాయి. ఒక గింజను బొటనవేలు, చూపుడువేలు మధ్య నొక్కితే లోపల పలుకు తగలకుండా మెదగాలి. పలుకు తగిలిందంటే లోపలి పిండి ఇంకా ఉడకలేదు, కడుపునొప్పికి అదే మొదలు.

ఎంతసేపటికీ ఉడకడం లేదా? రెండు కారణాలు చూడండి. ఒకటి, గింజలు పాతవి. ఏడాదికి పైగా వేడిలో, తేమలో నిలవున్న శనగలు ఎన్ని విజిల్స్‌కైనా మొండికేస్తాయి. రెండోది, నీళ్ళు. చెన్నైలో చాలా అపార్ట్‌మెంట్లకు వచ్చే బోరు నీళ్ళు, లారీ నీళ్ళు కఠిన జలం. వాటిలోని కాల్షియం గింజ కణాలను అంటిపెట్టి ఉంచే పెక్టిన్‌ను ఇంకా గట్టిపరుస్తుంది. నానబెట్టడానికీ ఉడికించడానికీ తాగే నీళ్ళే వాడితే తేడా మీకే తెలుస్తుంది. సోడా ఉప్పు జోలికి మాత్రం పోకండి. గింజ మెత్తబడే మాట నిజమే, దాంతో పాటు బి1 విటమిన్ పాడవుతుంది, సబ్బు రుచి కూడా వస్తుంది.

ఉడికిన నీళ్ళను పారబోయకండి. ఫోలేట్, పొటాషియం కొంత అందులోకి దిగుతాయి, చారులో కలపండి. కడుపుబ్బరం ఎక్కువగా ఉండేవాళ్ళకు మాత్రం ఈ మాట వర్తించదు.

దుకాణంలో ఏవి కొనాలంటారా? శనగలను ఇక్కడ కొండకడలై అంటారు, అలా అడిగితే కాబూలీవీ నల్లవీ రెండూ చూపిస్తారు. నల్లవాటికి పొట్టు మందం, పీచు ఎక్కువ, నేనైతే అవే కొనమంటాను. పుట్నాల పప్పు కూడా శనగే, కాకపోతే పొట్టు పోయింది కాబట్టి పీచు తగ్గింది. డబ్బాలో వచ్చే ఉడికిన శనగలు తప్పనిసరైతే వాడండి, ఉప్పు నీళ్ళు ఒంపేసి రెండుసార్లు కడిగాకే.

పోపుకు నలుగురికి కలిపి రెండు చెంచాల నూనె చాలు. ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు. కొబ్బరి తురుము వడ్డించే ముందు కలపండి, ఎందుకంటే కొబ్బరి కలిపిన సుండల్ ఇక్కడి ఉక్కకు మూడు నాలుగు గంటల్లోనే పాడవుతుంది. పక్కింటి కొలువు నుంచి తెచ్చిన దొన్నె బల్ల మీద మరిచిపోయి రాత్రి పదింటికి గుర్తొస్తే తినకండి. కొబ్బరి కలపని శనగలు మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే మూడు రోజులు బాగుంటాయి.

సాయంత్రం ఐదింటికి సుండల్ కావాలంటే ఉదయం ఏడింటికి, బడికి బయలుదేరే ముందు, నలుగురికి 200 గ్రాములు నానబెట్టి వెళ్ళండి.

మీ పెద్దమ్మ