పులస, కొబ్బరి, సుడిదోమ: జీవశాస్త్రంలో కొన్ని అపోహలు - వాస్తవాలు

కోనసీమలో ఇంటర్మీడియట్ విద్యార్థులకు జీవశాస్త్రం బోధిస్తున్న నాకు, వర్గీకరణ, పరిణామం పాఠాలు మొదలైన ప్రతి ఏడూ కొన్ని మాటలు తప్పకుండా వినిపిస్తాయి. పిల్లలు వాటిని ఇంటి దగ్గర పెద్దల నోట విని వస్తారు. ఆ మాటల వెనుక ఏళ్ళ తరబడి చేసిన పరిశీలన ఉంది కనుక వాటిని కొట్టిపారేయకుండా, ఎక్కడ దారి తప్పాయో చూపించడమే నా ఉద్దేశం.

అపోహ: పులస, విలస రెండు వేర్వేరు చేపలు.

వాస్తవం: రెండూ ఒకే జాతి. టెన్యువలోసా ఇలీషా దాని శాస్త్రీయ నామం. బెంగాలీలు ఇలిష్ అనేదీ దీనినే. సముద్రంలో పెరిగిన ఈ చేప, గోదావరికి ఎర్రనీరు వచ్చే రోజుల్లో గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదుతుంది. సముద్రంలో వలకు చిక్కితే విలస, నదిలో చిక్కితే పులస. రుచిలో తేడా నిజమే కానీ, జాతిని నిర్ణయించేది రుచీ కాదు, దొరికిన చోటూ కాదు. సహజంగా తమలో తాము జతకట్టి, తిరిగి సంతానం కనగలిగే పిల్లలకు జన్మనిచ్చే జీవుల సమూహాన్ని జాతి అంటారు. ఏటిలో పుట్టిన పులస పిల్లలు సముద్రానికి చేరి విలసలుగానే పెరుగుతాయి.

అపోహ: కొబ్బరి చెట్టు కనుక మామిడికి చుట్టం, వరి గడ్డి కనుక దానికి దూరం.

వాస్తవం: బంధుత్వం సరిగ్గా దీనికి తలకిందులుగా ఉంది. తుఫానుకు కూలిన కొబ్బరి మొదలు దగ్గర నిలబడి చూస్తే, తల్లివేరు అన్నది కనిపించదు. చిటికెన వేలంత లావున్న వేర్లు గుత్తిగా వేలాడుతుంటాయి. ఊడ్పులకు పీకిన వరినారు వేర్లూ, చిన్నవే అయినా, అదే అమరికలో ఉంటాయి. రెండూ ఏకదళబీజాలు, అంటే గింజలో ఒకే బీజదళం ఉండే మొక్కలు; మామిడి రెండు దళాల ద్విదళబీజం. మామిడి మానును ఏటా లావెక్కించే కేంబియం అనే కణజాలం కొబ్బరికి లేదు, అందుకే కొబ్బరి మాను మీద పడిన గంటు ఎన్నేళ్ళయినా పూడదు. కోసి చూస్తే వలయాలకు బదులు నారల చుక్కలే కనిపిస్తాయి.

అపోహ: కోతి మారి మనిషి అయింది.

వాస్తవం: చింపాంజీలకూ మనకూ సుమారు 60-70 లక్షల ఏళ్ళ క్రితం ఉమ్మడి పూర్వీకులు ఉండేవారు. అన్నదమ్ముల పిల్లల్లో ఒకరు మరొకరికి తండ్రి కారు కదా. ఒక జీవి మరొకటిగా మారే దారిలో ఉందనుకోవడం ఇంకోచోటా కనిపిస్తుంది. కోరింగ మడ అడవిలో, పోటు తీసినప్పుడు బురద మీద రెక్కలు ఊని గెంతే చేపను చూపిస్తే, అది నేల మీదికి రాబోతున్న జీవి అని పిల్లలు అంటారు. తడి చర్మంతోనూ గాలి పీల్చగల ఆ చేప ఎక్కడికీ బయలుదేరలేదు. ఆ బురదలో బతకడానికి అది ఇప్పటికే పూర్తిగా తగినది.

అపోహ: వరి రసం పీల్చే సుడిదోమ పురుగుమందుకు అలవాటు పడిపోయింది.

వాస్తవం: నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కలవరపెట్టే మాట ఇది, ఎందుకంటే దీనివల్ల నష్టపోయేది రైతు. వరి దుబ్బును వంచి చేత్తో తడితే మొదట్లోంచి గోధుమరంగు దోమలు నీటిలో రాలతాయి. ఆ వందల దోమలు చూపుకు ఒకేలా ఉన్నా ఒకటి కావు. విషాన్ని విరగగొట్టే ఎంజైమును ఎక్కువగా తయారుచేసే గుణం వాటిలో ఏ ఒకటి రెండింటికో పుట్టుకతోనే ఉండవచ్చు. మందు చల్లినప్పుడు మిగతావి చస్తాయి, అవి మిగులుతాయి, వాటి పిల్లలకు అదే గుణం వస్తుంది. సుమారు నెల రోజులకు ఒక తరం చొప్పున, అదే మందు మళ్ళీ మళ్ళీ పడే చేలో చివరికి ఆ సంతతే నిండిపోతుంది. ఏ దోమా తన జీవితకాలంలో మారలేదు, మారింది చేలోని దోమల జనాభా. 1859లో డార్విన్ వివరించిన ప్రకృతివరణం ఇదే. ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందుకు లొంగని సుడిదోమ ఆసియాలో పలు దేశాల్లో ఇలాగే తయారైంది.

అలవాటు అనుకున్నవారు మోతాదు పెంచుతారు. అది లొంగని వాటిని మరింత వేగంగా ఏరిపెడుతుంది, దోమను తినే సాలీళ్ళనూ చంపుతుంది. వరణం అని గ్రహించినవారు డబ్బా మీద పేరును కాక లోపలి మందు పనిచేసే తీరును మార్చి వాడతారు, నాట్లప్పుడే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తీసి దుబ్బు మొదళ్ళకు గాలి, వెలుతురు తగలనిస్తారు.