దీపం పెడితే చెదిరే బొమ్మ

కేబుల్ అబ్బాయి మూడుసార్లు వచ్చాడు. మూడుసార్లూ ఉదయం పదకొండు గంటలకే. ఛానళ్లన్నీ తిప్పి చూశాడు, పిన్ను పీకి తుడిచి మళ్లీ పెట్టాడు, ‘బొమ్మ బ్రహ్మాండంగా ఉందమ్మా’ అని చెప్పి వెళ్లిపోయాడు. అతను అబద్ధమాడలేదు. తిరుపతి కొర్లగుంటలో ఉండే మా పెద్దమ్మ ఇంట్లో టీవీకి జబ్బు చేసేది దీపాలు పెట్టే వేళకే. తిరుమలలో సహస్ర దీపాలంకరణ సేవ ఎస్వీబీసీలో వస్తుంటే చూస్తూ, చీకటి పడబోతోందని ఆవిడ లేచి పూజగదిలో లైటు వేసేది. అక్కడ స్వామి ఉయ్యాల ఊగుతుంటే ఇక్కడ తెర మీద పచ్చ చదరాలు, గులాబీ చదరాలు. మాట మధ్యలో తెగిపోయేది. ఒక్కోసారి ఉయ్యాల ఆకాశంలోనే ఆగిపోయేది.

“పగలు బాగుండి రాత్రి చెడే టీవీ ఏమిటి నాయనా, దీనికేమైనా రేచీకటా?” అని అడిగింది నన్ను.

నవ్వొచ్చింది గాని, ఆ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. టీవీ, ఫోను సంకేతాల్లో కలిసి వాటిని చెడగొట్టే అనవసర తరంగాలను రేడియో గోల అందాం. ఆ గోలను వెతికేవాళ్లు మొదట అడగవలసింది ‘ఎక్కడ’ అని కాదు, ‘ఎప్పుడు’ అని. అమెరికాలో బెల్ ల్యాబ్స్ ఇంజినీరు కార్ల్ జాన్‌స్కీ 1930ల మొదట్లో రేడియో టెలిఫోను సంభాషణలకు అడ్డొచ్చే గోల ఎక్కడి నుంచి వస్తోందో వెతుకుతున్నాడు. ఉరుముల గోల పోగా ఇంకో సన్నటి బుసబుస మిగిలింది. అది రోజూ నాలుగు నిమిషాలు ముందుగా వచ్చేది. సూర్యుడు మన నెత్తి మీదికి తిరిగి రావడానికి 24 గంటలు పడితే, నక్షత్రాలకు పట్టేది 23 గంటల 56 నిమిషాలే. అంటే ఆ బుసకొట్టేది భూమి మీది యంత్రమూ కాదు, సూర్యుడూ కాదు, మన పాలపుంత. రేడియో ఖగోళశాస్త్రం అలా ఒక మరమ్మతు పనిలోంచి పుట్టింది. పెద్దమ్మ టీవీ గోల అంత దూరం నుంచి వస్తుందని నేను ఆశ పెట్టుకోలేదు. పూజగది దాకా వెళితే చాలనిపించింది.

ఆ గదిలో ఉన్నది తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బు. పేరుకు బల్బే గాని, దాని మెడలో ఒక చిన్న కరెంటు మిల్లు ఆడుతుంటుంది. గోడలోని కరెంటు 230 వోల్టుల ఏసీ, సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. వెలుగిచ్చే తెల్ల చిప్పుకు కావలసింది సుమారు మూడు వోల్టుల డీసీ, అంటే ఒకే దిక్కున పోయే కరెంటు. వరసగా కొన్ని చిప్పులను కలిపినా ఆ అంతరం పూడదు. అందుకని బల్బులోని డ్రైవరు ముందు ఏసీని డీసీగా మారుస్తుంది (అప్పుడది దాదాపు 325 వోల్టులు), తర్వాత దాన్ని ఒక ఎలక్ట్రానిక్ స్విచ్చుతో సెకనుకు యాభై వేల నుంచి లక్ష సార్లు, కొన్నింటిలో అంతకంటే ఎక్కువగా, తుంచి తుంచి కాయిల్‌లోకి పంపుతుంది. అంత వేగం దేనికంటే, వేగం పెరిగేకొద్దీ కాయిల్ చిన్నదైతే సరిపోతుంది. బల్బు మెడలో పట్టాలి కదా.

చిక్కంతా ఆ తుంచడంలో ఉంది. కుళాయిని మెల్లగా కట్టేస్తే చప్పుడుండదు. ఠక్కున కట్టేస్తే గోడలో గొట్టం దడదడలాడుతుంది. డ్రైవరులోని స్విచ్చు మూడు వందల వోల్టులను కొన్ని పదుల నానోసెకన్లలో తెగ్గొడుతుంది. నానోసెకను అంటే సెకనులో వంద కోట్లవ వంతు. ఒకే తీరులో మళ్లీ మళ్లీ వచ్చే ఏ కుదుపునైనా రకరకాల వేగాల్లో ఊగే నున్నటి అలల మొత్తంగా చూపవచ్చని ఫ్రెంచి గణితవేత్త ఫోరియే 1822 నాటికే చెప్పాడు. స్విచ్చు 60 కిలోహెర్ట్జ్ (సెకనుకు అరవై వేల సార్లు) దగ్గర ఆడుతుంటే 120లో ఒక అల, 180లో ఒక అల, అలా దువ్వెన పళ్లలాగా పోతుంది. వెయ్యో పన్ను 60 మెగాహెర్ట్జ్ (సెకనుకు ఆరు కోట్ల సార్లు) దగ్గర పడుతుంది. దూరం పోయేకొద్దీ పళ్లు అరిగిపోతాయి, నిజమే. కానీ కుదుపు ఎంత నిటారుగా ఉంటే అవి అంత ఆలస్యంగా అరుగుతాయి. 1887లో హెర్ట్జ్ తన ప్రయోగశాలలో రేడియో తరంగాలను పుట్టించింది కూడా ఇలాంటి హఠాత్తు కుదుపుతోనే, రెండు లోహపు గుండ్ల మధ్య నిప్పురవ్వ ఎగరేసి. ఆ లెక్కన పూజగది బల్బు ఒక బుల్లి ప్రసార కేంద్రం. యాంటెన్నా కూడా మనమే ఇచ్చాం: స్విచ్ బోర్డు నుంచి హోల్డరు దాకా గోడలో పోయే వైరు. 50 మెగాహెర్ట్జ్ అలకు పావు పొడవు ఒకటిన్నర మీటరు. ఏ ఇంట్లోనైనా ఆ పాటి వైరు ఉంటుంది.

దీన్ని అదుపులో పెట్టడం తయారీదారులకు తెలియని విద్య కాదు. కరెంటు లోపలికి వచ్చే చోట వేగంగా ఊగే కరెంటును అడ్డుకునే ఒక చోక్ కాయిల్, కరెంటును కాసేపు దాచుకునే ఒకటి రెండు కెపాసిటర్లు కలిపి ఫిల్టరుగా పెడితే గోల చాలావరకు బల్బులోనే అణిగిపోతుంది. రేడియో గోలకు హద్దులు గీసే అంతర్జాతీయ సంఘం సిస్పర్ 1934 నుంచీ ఉంది. దాని ప్రమాణాల్లో పదిహేనో నంబరుది దీపాల కోసమే. మన దగ్గర ఎల్‌ఈడీ బల్బులకు ఐ.ఎస్. 16102 అనే భారతీయ ప్రమాణం ఉంది, అందులో మొదటి భాగం భద్రతకు, రెండో భాగం పనితీరుకు. ఖర్చు తగ్గించుకోవాలనుకునే వాళ్ల చేతికి మొదట దొరికేది మాత్రం ఈ ఫిల్టరే. అది లేకపోయినా బల్బు వెలుగుతుంది, కొన్నవాడికి తేడా తెలియదు.

అలాగని చవక బల్బులన్నీ గోల చేస్తాయనుకోవడం పొరపాటు. అన్నిటికంటే చవకరకాల్లో కొన్నింటికి ఈ తుంచే స్విచ్చే ఉండదు; ఒక కెపాసిటరుతోనో, ఒక చిన్న చిప్పుతోనో కరెంటును అడ్డుకుని సరిపెడతారు. అవి కళ్లకు మినుకు మినుకుమంటాయేమో గాని రేడియోకు మాత్రం సాధువులు. కొన్నప్పుడు మంచిగా ఉన్న బల్బు ముసలితనంలో గోల మొదలుపెట్టడమూ ఉంది. డ్రైవరులోని పెద్ద కెపాసిటరులో తడి రసాయనం ఉంటుంది. పది డిగ్రీల వేడి పెరిగితే దాని ఆయువు సగానికి పడిపోతుందని ఎలక్ట్రానిక్స్ వాళ్ల మోటు లెక్క. తిరుపతి ఎండల్లో, గాలి ఆడని గాజు బుడ్డిలో బిగించిన బల్బు సంగతి వేరే చెప్పాలా?

మా చిన్నప్పుడు దూరదర్శన్ రోజుల్లో ఈ గోలకు ఒక ముఖం ఉండేది. ఎదురింటి స్కూటరు స్టార్ట్ చేస్తే తెర మీద చుక్కల వాన. వంటింట్లో మిక్సీ తిరిగితే అడ్డ గీతలు. కరెంటు లైనులోంచి వచ్చే గోలైతే రెండు లావుపాటి పట్టీలు మెల్లగా పైకి పాకేవి. అనుభవమున్న మెకానిక్కు గీతలు చూసి దొంగను చెప్పేసేవాడు. డిజిటల్ వచ్చాక అన్ని జబ్బులకూ ఒకటే లక్షణం: చదరాలు, ఆగిపోవడం, నల్ల తెర. బొమ్మ నాణ్యత పెరిగిందని సంతోషించేవాళ్లలో నేనూ ఒకణ్ణే గాని, ఈ ఒక్క విషయంలో పాత గీతల టీవీయే నిజాయితీపరురాలు అంటాను.

డిజిటల్ బొమ్మ అలా ఎందుకు ముక్కలవుతుందో చెప్పడానికి ముగ్గు కంటే మంచి పోలిక నాకు దొరకలేదు. డిజిటల్ కేబుల్‌లో వాడే పద్ధతుల్లో ఒకటి ఎనిమిది వరసలు, వరసకు ఎనిమిది చుక్కల ముగ్గు లాంటిది. కేబుల్ కేంద్రం నుంచి ప్రతిసారీ 64 చుక్కల్లో ఒకదాని గుర్తు వస్తుంది. మన సెట్‌టాప్ బాక్స్ డబ్బా పని ఆ గుర్తు ఏ చుక్కకు దగ్గరగా పడిందో చూసి, ఆరు బిట్లు (సున్నాలు, ఒకట్లు) రాసుకోవడం. గోల ఆ గుర్తును కొంచెం అటూ ఇటూ జరుపుతుంది. సగం దూరం దాటనంతవరకు ఏ నష్టమూ లేదు. దాటితే పక్క చుక్కే అనుకుని తప్పు రాసుకుంటుంది. అప్పుడు కూడా ఒక రక్ష ఉంది. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. 188 బైట్లకు 16 బైట్లు తోడుగా వస్తాయి, వాటి సాయంతో ఎనిమిది బైట్ల తప్పుల దాకా డబ్బా తనే దిద్దుకుంటుంది. 1960లో రీడ్, సోలమన్ అనే ఇద్దరు గణితవేత్తలు చెప్పిన ఉపాయమిది. తొమ్మిదో తప్పు పడిందా, ఆ పొట్లం మొత్తం పోయినట్టే. అందుకే పగలంతా గోల ఎంతో కొంత ఉన్నా బొమ్మ నిండుగా కనిపిస్తుంది. సాయంత్రం ఇంకాస్త తోడవగానే ఒక్కసారిగా కూలుతుంది. మధ్యలో మసక బొమ్మ అనే దశే ఉండదు.

డిష్ ఉన్నవాళ్లు ఈ కథ విని వెంటనే బల్బులు పీకనక్కరలేదు. డిష్ మీది చిన్న డబ్బా కిందికి పంపే సంకేతం 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్ మధ్య ఉంటుంది. మన దువ్వెన పళ్లు అక్కడికి చేరేసరికి దాదాపు మిగలవు. డిష్ ఇంట్లో బొమ్మ పోతే వానను, వదులైన పిన్నును, మేడ మీదికి వచ్చే కోతులను అనుమానించడం మేలు. తిరుపతిలో ఈ చివరి అనుమానం తీసిపారేయదగ్గది కాదు. కేబుల్ సంగతి వేరు. అందులో సంకేతాలు 47 మెగాహెర్ట్జ్ నుంచే మొదలవుతాయి, సరిగ్గా బల్బు గోల బలంగా ఉండే చోట.

తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో గాదంకి ఉంది. అక్కడ జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల వాళ్ల రాడారు పనిచేసేది 53 మెగాహెర్ట్జ్ దగ్గర. పాత టీవీ యాంటెన్నాల్లాంటి 1024 యాగి యాంటెన్నాలు ఒక మైదానం నిండా పరుచుకుని ఉంటాయి. భారీ శక్తిని పైకి కొట్టి, గాలిలోని సన్నటి అలజడుల నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వనిని వింటాయి. వెళ్లింది పిడుగంతైతే వచ్చేది చీమ అడుగంత. జాన్‌స్కీ విన్న పాలపుంత బుస అక్కడ రోజూ వినిపించే నేపథ్యమే. పెద్దమ్మ టీవీదీ ఆ రాడారుదీ ఒకటే అవస్థ, గోలలోంచి మాటను ఏరుకోవడం.

ఇక వెతుకులాట. దీనికి ఖరీదైన పరికరం అక్కరలేదు, మీడియం వేవ్ ఉన్న పాత బ్యాటరీ ట్రాన్సిస్టర్ చాలు. పెదనాన్నది ఒకటి అటక మీద దొరికింది. కడప స్టేషను 900 కిలోహెర్ట్జ్ దగ్గర వస్తుంది. ముల్లును దాని నుంచి పక్కకు, ఏ స్టేషనూ లేని చోటికి జరిపి ఇల్లంతా తిరిగాను. హాల్లో సన్నటి బుస. వంటింట్లో అంతే. పూజగది గడపలో జుయ్యిమంది. బల్బు ఆర్పితే నిశ్శబ్దం. జుయ్యిమనకుండా చిటపటమని, ఆగి ఆగి వినిపిస్తే అది డ్రైవరు కాదు, హోల్డరులోనో స్విచ్చులోనో వదులు కనెక్షన్ దగ్గర నిప్పురవ్వలు లేస్తున్నాయని అర్థం. టీవీ సంగతి తర్వాత, ముందు మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి.

రేడియో చెప్పేది బల్బు గోల చేస్తోందని మాత్రమే. టీవీని చెడగొడుతున్నది అదేనని కాదు. ఆ రుజువు సెట్‌టాప్ బాక్స్ మెనూలో ఉంటుంది. అందులో సాధారణంగా రెండు అంకెలు కనిపిస్తాయి, ఒకటి సిగ్నల్ బలం, ఇంకొకటి నాణ్యత. బల్బు వేస్తే బలం కదలలేదు, నాణ్యత దిగిపోయింది. ఆర్పితే మళ్లీ లేచింది. పెద్దమ్మ చేత నాలుగుసార్లు వేయించి, నాలుగుసార్లు ఆర్పించాను. ఒక్కసారికే నమ్మేస్తే కాకతాళీయానికి దొరికిపోతాం.

ఇంకో బల్బు మార్చగానే బొమ్మ కుదుటపడింది. అక్కడితో ఆపితే వ్యాసం అక్కర్లేదు. దొంగ దొరికాడు సరే, లోపలికి ఎలా వచ్చాడన్నది తేలలేదు. కేబుల్ వైరు మధ్య తీగ చుట్టూ అల్లిక కవచం ఉండేదే బయటి గోలను ఆపడానికి. కవచం అతుకులేకుండా ఉంటే ఒక బల్బు ఇంత ఆగడం చేయలేదు. పాత బల్బే మళ్లీ పెట్టి, టీవీ వెనక నుంచి వైరు పట్టుకుని పోయాను. పూజగది పైన అటకలో దొరికింది: రెండు వైరు ముక్కల్ని చేత్తో మెలిపెట్టి, నల్ల టేపు చుట్టిన అతుకు. మధ్య తీగలు కలిశాయి. కవచాలు మాత్రం చెరో దిక్కున వేలాడుతున్నాయి, పూజగది లైటు వైరుకు జానెడు దూరంలో. ఆ అతుకు తీసేసి, ఆర్‌జీ 6 రకం కేబుల్ వైరు ఒకే ముక్కగా లాగి, రెండు చివరలా మరతో బిగిసే కనెక్టర్లు పెట్టించాం. పాత బల్బు వెలుగుతూనే ఉంది. ఎస్వీబీసీ కదలకుండా వచ్చింది.

అందరికీ అతుకు దొరకకపోవచ్చు. అప్పుడు ఫెరైటు క్లిప్పులు పనికొస్తాయి. కంప్యూటర్ వైర్ల చివర కనిపించే నల్లటి గుండు అదే. సెట్‌టాప్ బాక్స్ కరెంటు వైరును దానిలోంచి ఒకసారి పోనిచ్చి వదిలేయకుండా మూడు చుట్లు తిప్పితే, అడ్డు సుమారు తొమ్మిది రెట్లవుతుంది. ఎందుకంటే ఆ అడ్డు చుట్ల సంఖ్య వర్గంతో పెరుగుతుంది. బల్బును విప్పి లోపల ఫిల్టరు పెడదామనే సరదా మాత్రం వద్దు. ఆ 325 వోల్టులు కెపాసిటరులో స్విచ్చు ఆర్పాక కూడా కాసేపు నిలిచి ఉంటాయి.

నెల తిరిగాక కేబుల్ అబ్బాయి డబ్బుల కోసం వచ్చాడు, ఉదయం పదకొండు గంటలకే. పెద్దమ్మ పట్టపగలు పూజగదిలో లైటు వేసి, టీవీ పెట్టి, అతన్ని కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది.