ఎవరబ్బాయివి నువ్వు?

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నర్సాపురం వెళ్తున్నా, పక్కన నాలుగేళ్ళ పిల్లాడొకడు వాళ్ళ మామ్మ చెంగు పట్టుకుని నిలబడ్డాడు. ఒక పెద్దాయన "ఎవరబ్బాయివిరా నువ్వు" అని అడిగితే వాడు తడుముకోకుండా "మా మామ్మ వాళ్ళబ్బాయినండి" అన్నాడు. అందరూ నవ్వారు, ఆ తర్వాత ఏ ఊరు, అమ్మమ్మగారిది ఏ ఊరు, మావయ్య ఏం చేస్తాడు ఇవన్నీ అడిగారు గానీ అవతలి ఒడ్డు వచ్చేదాకా వాడి పేరు మాత్రం ఎవరూ అడగలేదు.

పిల్లలకి 'నేను' అనేది ఎప్పుడు తెలుస్తుందో చూడ్డానికి సైకాలజీలో ఒక అద్దం పరీక్ష ఉంది. 1972లో బ్యూలా ఆమ్‌స్టర్‌డామ్ అనే ఆవిడ పిల్లల ముక్కు మీద వాళ్ళకి తెలీకుండా రంగు రాసి అద్దం ముందు పెట్టింది, అద్దంలో చూసి తన ముక్కు తడుముకుంటే ఆ బొమ్మ తనదే అని తెలిసినట్టు. అమెరికాలో ఏడాదిన్నరా రెండేళ్ళ మధ్య చాలామంది పాసైపోతారు. కానీ 2011లో వచ్చిన ఒక స్టడీలో కెన్యాలో ఏడాదిన్నర నుంచి ఆరేళ్ళ దాకా ఉన్న 82 మంది పిల్లల్ని ఇలాగే చూస్తే పాసయింది ఇద్దరే! ఆరేళ్ళ పిల్లకి తనెవరో తెలీదంటే ఎవరు నమ్ముతారు? చాలామంది అద్దం ముందు బిగుసుకుపోయి అలా చూస్తూ ఉండిపోయారంతే. గుర్తు పట్టలేక కాదు, ఆ టైంలో ఏం చెయ్యొచ్చో ఏం చెయ్యకూడదో తెలీక అయ్యుండొచ్చు అన్నారు స్టడీ చేసినవాళ్ళే.

నాకు బాగా నచ్చింది మాత్రం హైడీ కెల్లర్ అనే సైకాలజిస్టు 2004 స్టడీ. ఆఫ్రికాలోని కామెరూన్‌లో న్సో అనే తెగవాళ్ళ రైతు కుటుంబాలు, గ్రీస్‌లో సిటీ కుటుంబాలు, కోస్టారికాలో మధ్యతరగతి వాళ్ళు, ఈ మూడు చోట్లా మూడు నెలల పసిపిల్లల్ని ఎలా పెంచుతున్నారో చూసి, ఏడాదిన్నర దాటాక మళ్ళీ వెళ్ళి చూసారు. న్సో తల్లులు బిడ్డని ఒంటికి ఆనించుకుని ఉంచుతారు, కాళ్ళూ చేతులూ ఆడిస్తారు. గ్రీస్ తల్లులు ఎదురుగా పడుకోబెట్టి కళ్ళలోకి చూస్తూ మాట్లాడతారు, బొమ్మలు చూపిస్తారు. గ్రీస్ పిల్లలు అద్దంలో తమని తాము ముందు గుర్తుపట్టారు, న్సో పిల్లలు చెప్పిన పని చెయ్యడం, వద్దంటే ఆగడం ముందు నేర్చుకున్నారు, కోస్టారికా వాళ్ళు ఈ రెంటికీ మధ్యలో. ఇక్కడ ఎవరూ వెనకబడలేదు, ఎవరికి ఏది నేర్పితే అది ముందొచ్చింది.

ఇది చదవగానే మా లంకలో పసిపిల్లలకి పోసే నీళ్ళు గుర్తొచ్చాయి. పెరట్లో కాగులో నీళ్ళు మరుగుతుంటాయి, మామ్మ పీటేసుకుని కాళ్ళు చాపి బిడ్డని ఆ కాళ్ళ మీద బోర్లా వేసుకుంటుంది, నూనె పట్టించి సున్నిపిండితో నలిచి, ముక్కు సాగదీసి, తల గుండ్రంగా ఒత్తి, చేతులు మార్చి మార్చి కట్టి విప్పుతూ, వాడు గుక్కపట్టి ఏడుస్తున్నా ఆపకుండా కబుర్లు చెప్తూనే ఉంటుంది, ఈ ముక్కు మీ తాతదేరా, ఈ కోపం మీ మేనత్తదేరా అని. ఆఖరి చెంబు దిగదుడిచి "శ్రీరామరక్ష, నూరేళ్ళాయుష్షు" అంటుంది, తర్వాత సాంబ్రాణి పొగ. తన ముక్కు తనదని తెలిసే లోపే అది తాత ముక్కని వెయ్యిసార్లు విని ఉంటాడు వాడు.

మన భాష కూడా అంతే కదా. ఒక్కడే కొడుకైనా 'మా అమ్మ' అంటాడు, 'నా అమ్మ' అనడు. పలక నాది, పెన్సిల్ నాది, అమ్మా ఇల్లూ ఊరూ బడీ మావి. మాట్లాడ్డం నేర్చుకుంటూనే ఏది 'నా', ఏది 'మా' అన్న లెక్క కూడా నేర్చేసుకుంటాడు.

1991లో మార్కస్, కిటయామా అనే ఇద్దరు సైకాలజిస్టులు చెప్పింది దీని గురించే, కొన్నిచోట్ల 'నేను' విడిగా నిలబడుతుంది, కొన్నిచోట్ల నలుగురితో అల్లుకుని ఉంటుంది అని. అయితే ఇది పుట్టుకతో వచ్చేది కాదు. జోన్ మిల్లర్ అనే ఆవిడ షికాగోలో, మన పక్కనే మైసూరులో పిల్లల్నీ పెద్దవాళ్ళనీ అడిగింది, ఫలానా మనిషి అలా ఎందుకు చేసాడు అని. పెద్దవాళ్ళలో షికాగో వాళ్ళు మనిషి గుణం గురించి ఎక్కువ చెప్తే మైసూరు వాళ్ళు అతని పరిస్థితి, చుట్టూ ఉన్నవాళ్ళ గురించి ఎక్కువ చెప్పారు. కానీ ఎనిమిదేళ్ళ పిల్లలు రెండు చోట్లా ఇంచుమించు ఒకేలా చెప్పారు, వయసు పెరిగేకొద్దీ తేడా పెరిగింది (1984లో వచ్చింది ఈ పేపర్). అంటే ఊరు మెల్లగా లోపలికి ఇంకుతుందన్నమాట, కాలవ నీళ్ళు చేలోకి ఇంకినట్టు.

అన్నిసార్లూ తియ్యటి నీళ్ళే ఇంకవు. నాతో ఐదో క్లాసు చదివినవాడొకడు ఉండేవాడు, ఎవరబ్బాయివిరా అని గట్టు మీద ఎవరడిగినా నాన్న పేరు చెప్పేవాడు కాదు, ముందు తన పేరు, తర్వాత "క్లాసులో ఫస్టండి" అనేవాడు. గొప్పలు చెప్పుకుంటున్నాడు అనుకునేవాణ్ణి. నాన్న పేరు చెప్తే వెంటనే "ఏ పేట?" అని అడుగుతారని పదేళ్ళకే వాడికి తెలుసు, నాకు తెలీదు.